తాత సైకిల్ మళ్ళీ రోడ్డెక్కాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నా పాత రాలీ సైకిల్‌ని హన్మకొండ చౌరస్తాలో ఎక్కడ ఆపినా ఎవరో ఒక పెద్దాయన వచ్చి ముందు బెల్లు కొట్టి చూస్తాడు. తర్వాత హ్యాండిల్ పట్టుకొని ఇటూ అటూ ఊపి, "మా బాపుకు ఇట్లాంటిదే ఉండె, తుక్కుకు ఏసినం" అని నిట్టూర్చి, ఇక ప్రశ్నలు మొదలుపెడతాడు. ఫోన్లలో అడిగేవాళ్ళవి కూడా దాదాపు అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను మెకానిక్‌ని కాను, నా ఉద్యోగం వేరే. ఇప్పటికి మూడు సైకిళ్ళు విప్పి బిగించాను, ఒకదాన్ని చేతులారా పాడుచేసుకున్నాను, కింద రాసినదాంట్లో సగం ఆ ఒక్కదాని దగ్గర నేర్చుకున్నదే.

ఊర్లో కొట్టంలో ఒక పాత సైకిల్ పడుంది. బాగవుతుందా, తూకానికి వేయాలా?

తూకానికి వేస్తే ఇరవై కిలోల ఇనుము, అంతే. ముందు బయటికి తీయండి. నీళ్ళు కొట్టకుండా పొడిగుడ్డతో దుమ్ము దులపండి. పైన కనిపించే తుప్పుకు భయపడొద్దు, ఆ కాలపు గొట్టాలు దళసరివి, పైపైన ఎర్రగా ఉన్నా లోపల గట్టిగానే ఉంటాయి. అసలు చూడాల్సింది వేరే. హ్యాండిల్ కింద రెండు గొట్టాలు వచ్చి కలిసే చోట, అడుగు వైపు వేలితో తడమండి. అక్కడ చిన్న ఉబ్బు గానీ ముడత గానీ తగిలితే ఎప్పుడో బండి దేన్నో గుద్దుకుంది. పక్కనుంచి చూస్తే ముందు చిమ్టా (ఫోర్కును మన మెకానిక్‌లు అట్లే అంటారు) కింది భాగం ముందుకు వంగి ఉండాలి. వెనక్కి తన్నినట్టుంటే అదీ గుద్దిన గుర్తే. తర్వాత సైకిల్‌ని బోర్లా పెట్టి పెడల్ ఇరుసు ఉండే గొట్టం అడుగు చూడండి, ఏళ్ళ తరబడి నీళ్ళు చేరేది అక్కడే. రింగుల్లో పుల్లల (స్పోకుల) రంధ్రాల చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. దిగబడితే ఆ రింగు పనైపోయినట్టే, కానీ రింగు మారుతుంది. ఫ్రేం పగలకపోతే మిగిలిందంతా ఓపిక వ్యవహారం.

ఇది ఏ కంపెనీదో, ఎన్నడిదో ఎట్లా తెలుస్తుంది?

ముందర బ్యాడ్జి ఊడిపోయినా చైన్ చక్రం చూస్తే సగం తెలిసిపోతుంది. చక్రం మధ్యలో కొంగ తలలు కోసి ఉంటే రాలీ. మనుషుల బొమ్మలు గుండ్రంగా నిలబడినట్టు ఉంటే హంబర్. హెర్క్యులిస్ వాళ్ళు చాలావాటికి తమ పేరునే అక్షరాలుగా కోసేవాళ్ళు. కాకపోతే చైన్ చక్రాలు మారుతుంటాయి, ఒక్క గుర్తుతో తేల్చేయకండి.

రాలీ ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌ది, హెర్క్యులిస్ బర్మింగ్‌హామ్‌ది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ మొదలైంది, హెర్క్యులిస్ ఇక్కడే తయారవడం దాంతోనే. 1950ల్లో బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్ రాలీ ఫ్యాక్టరీ వచ్చింది. సోనీపత్‌లో అట్లాస్ 1951, లూధియానాలో హీరో 1956. కాబట్టి "మా తాత రజాకార్ల కాలానికి ముందే కొన్నాడు" అని ఇంట్లో చెప్తే, అది చాలామటుకు ఓడెక్కి వచ్చిన బండే అయ్యుంటుంది. ఫ్రేం మీద, పార్టుల మీద మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని ఉందేమో కిరోసిన్ గుడ్డతో తుడిచి చూడండి.

వెనక చక్రంలో స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్ (చక్రం నడుమ పుల్లలు బిగించే గుండ్రటి భాగం) ఉంటే మీ అదృష్టం. హబ్ మీదే సంవత్సరం, నెల అచ్చు కొట్టి ఉంటాయి. ఏడబ్ల్యూ అన్న అక్షరాల దగ్గర 58, 3 అని ఉంటే ఆ హబ్ 1958 మార్చిలో తయారైంది. బండి కూడా అప్పటిదేనా అంటే, చక్రం మార్చకపోతే అప్పటిదే.

పాత పెయింటంతా గీకేసి కొత్తగా వేయించాలా?

అందరూ మొదట చేసే పని ఇదే, నేనూ ఇదే చేశాను. ఇది కొంచెం పొడుగ్గా చెప్తా.

మా తాత వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసేవాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు. షిఫ్టు విడిచినప్పుడు గేట్లోంచి సైకిళ్ళు వాగు పొంగినట్టు వచ్చేవని మా నాయనమ్మ చెప్పేది. అన్నీ నల్లవే, అన్నీ ఒకే ఎత్తు. ఎవరి బండి వాళ్ళు గుర్తుపట్టాలంటే చైన్ కవర్ మీద పేరు రాయించుకోవాల్సిందే. మా తాత కూడా తెల్లరంగుతో రాయించాడు, పైన పేరు, కింద మట్టెవాడ అని. రాసినాయన జాగా చూసుకోలేదేమో, చివరి 'డ'కు చోటు చాలక అది చిన్నదైపోయి పక్క అక్షరం భుజమెక్కినట్టు ఉండేది. చిన్నప్పుడు కైంచి తొక్కేటప్పుడు నా మోకాలికి ఎదురుగా కనిపించేది ఆ 'డ'నే.

ఆ సైకిల్‌ని పదేళ్ళ కింద తీసుకుపోయి పౌడర్ కోటింగ్ చేసే ఒక షాపులో ఇచ్చాను. ఇసుక కొట్టి శుభ్రం చేస్తామన్నారు, సరే అన్నాను. పేరు గురించి ఒక్క మాట చెప్పాలని తట్టలేదు, ఒక ఫోటో కూడా తీసుకోలేదు. వారం తర్వాత బండి ఫ్రిజ్‌లా మెరుస్తూ వచ్చింది. పేరు లేదు, హ్యాండిల్ కింద బంగారు గీతలు లేవు, ఫ్రేం నంబరు పెయింట్ కింద సగం పూడిపోయింది. నాయనమ్మకు అప్పటికే చూపు సరిగా ఆనదు, చైన్ కవర్‌ని చేత్తో తడిమి, "కొత్తది కొన్నవా?" అని అడిగింది. షాపువాళ్ళను ఏమీ అనలేను, వాళ్ళకు చెప్పిన పని వాళ్ళు చక్కగా చేశారు.

అందుకే నా మాట: తిరిగే పార్టులు కొత్తవాటిలా చేయండి, పైతోలు జోలికి పోకండి. గీకిన పెయింట్ ఎన్ని లక్షలు పెట్టినా తిరిగి రాదు. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం షాంపూ, మెత్తటి గుడ్డతో మొదలుపెట్టండి. ఎవరికీ కనిపించని చోట, సీటు కింద లాంటి చోట, ముందు ప్రయత్నించి చూడండి. బంగారు గీతలు, కంపెనీ స్టిక్కర్ల మీద రుద్దకూడదు, అద్దినట్టు తుడవాలంతే. కార్లకు వాడే రబ్బింగ్ పాలిష్ వాటి మీద పడితే రెండు నిమిషాల్లో గీత మాయం. శుభ్రమయ్యాక కార్ల మైనం ఒక పూత వేస్తే పాత నలుపు లోపలినుంచి లేచి వస్తుంది. పెయింట్ పోయి ఇనుము తేలిన చోట వదులు తుప్పు దులిపి, ఉడికించిన అవిసె నూనె పల్చగా రాసి, మిగిలింది గుడ్డతో తుడిచేసి ఆరనివ్వండి. తుప్పు ముదురు గోధుమ రంగుకు తిరిగి అక్కడితో ఆగుతుంది. ఆ నూనె గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు, దానంతటదే అంటుకోగలదు. విడదీసి ఎండలో ఆరేయండి.

కొత్త పెయింట్ ఎప్పుడు తప్పదంటే, మీకంటే ముందే ఎవరో కిటికీలకు వేసే ఎనామిల్ కుంచెతో పూసేసి ఉంటే. అప్పుడు కూడా ఒక అంగుళం మేర మెల్లగా గీకి కింద ఏముందో చూడండి, ఒక్కోసారి పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ కాలపు పెయింట్లలో సీసం ఉండేది, పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చొద్దు. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దూరం పంపండి. పౌడర్ కోటింగ్ కంటే మామూలు స్ప్రే ఎనామిలే నయం. పౌడర్ మందంగా పడి గొట్టాల అతుకుల అంచులన్నీ మొద్దుబారుతాయి, మరల్లోకి పోతే బేరింగ్ గోళీలు కూర్చునే కప్పులు ఎక్కవు.

బంగారు గీతలు, పేరు రాయించాలంటే పాత సైన్‌బోర్డ్ ఆర్టిస్టులను వెతకండి. ఫ్లెక్సీలొచ్చాక చాలామంది ఆ పని మానేశారు గానీ చెయ్యి మరిచిపోయినవాళ్ళు తక్కువ.

తుప్పు దేనితో వదులుతుంది?

చిన్న పార్టులకు ఆక్జాలిక్ యాసిడ్. మార్బుల్ పాలిష్ సామాన్లు అమ్మేచోట పొడిగా దొరుకుతుంది. ప్లాస్టిక్ టబ్బులో లీటరు నీళ్ళకు 20 నుంచి 30 గ్రాములు కలిపి రాత్రి నానబెడితే పొద్దునకు తుప్పు మెత్తబడుతుంది. తర్వాత బాగా కడిగి, తినే సోడా కలిపిన నీళ్ళలో ముంచి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. ఆలస్యం చేస్తే గంటలో పసుప్పచ్చగా మళ్ళీ మొదలవుతుంది. ఇది విషం, గ్లవుజులు తప్పనిసరి. వంటింటి గిన్నెలు వాడొద్దు, ఆ నీళ్ళు చెట్ల మొదట్లో పోయొద్దు. అల్యూమినియం పార్టులు అందులో వేయొద్దు.

బాత్రూం యాసిడ్ మాత్రం వద్దే వద్దు. తుప్పుతోపాటు మంచి ఇనుమునూ తింటుంది, దాని ఆవిరికి పక్కనున్న పానాలు కూడా తుప్పు పడతాయి.

హ్యాండిల్, రింగుల మీది క్రోమ్‌కు అంత హడావుడి అక్కర్లేదు. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని ఉండచుట్టి, నీళ్ళలో తడిపి రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు చుక్కలు లేచిపోతాయి. ఇత్తడి బ్యాడ్జికి, బెల్లుకు మన ఇళ్ళల్లో చెంబులకు చేసేదే, చింతపండు. బ్యాడ్జి మీద రంగులు మిగిలి ఉంటే చింతపండు కూడా వద్దు, సబ్బునీళ్ళు చాలు.

కాటర్ పిన్ను రావట్లేదు. ఏం చేయాలి?

పాత సైకిల్ విప్పేవాళ్ళకు మొదటి పరీక్ష ఇదే. పెడల్ కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచే ఆ చిన్న పిన్ను ఒకవైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, అరవై ఏళ్ళు తొక్కిన బరువంతా దాన్ని లోపలికి బిగదన్నేసి ఉంటుంది.

తుప్పు వదిలించే స్ప్రే రెండు వైపులా కొట్టి, మూడు రోజులు వదిలేయండి. రోజూ ఒకసారి కొట్టండి. తర్వాత నట్టును పూర్తిగా తీయకుండా, పిన్ను కొసకు సమంగా వచ్చేదాకా వదులు చేయండి. నట్టు తీసేసి కొడితే పిన్ను మూతి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక అది రాదు. ఇప్పుడు అసలు కిటుకు. పెడల్ కడ్డీ కింద, పిన్ను తల వైపు, నేలకు ఆనేలా ఒక ఇనుప గొట్టం నిలబెట్టాలి. పిన్ను తల గొట్టం రంధ్రంలోకి దిగేంత వెడల్పు ఉండాలి, కడ్డీ గొట్టం అంచు మీద కూర్చోవాలి. ఆ ఆసరా లేకుండా కొడితే దెబ్బంతా ఇరుసు గోళీల మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి. ఆసరా పెట్టాక పెద్ద సుత్తెతో ఒక్కటే దెబ్బ, గట్టిగా. భయపడుతూ పది చిన్న దెబ్బలు కొడితే పిన్ను వంగడమే గానీ కదలదు. నేను మొదటిసారి పదిహేను కొట్టాను. వంగిపోయింది. రెండో వైపు పిన్నుకు మా వీధి చివర మెకానిక్ కాకా వచ్చి, చేతిలో బీడీ పక్కన పెట్టి, గొట్టం పెట్టి, ఒక్కటి కొట్టాడు. టక్కుమని కిందపడింది. మళ్ళీ బీడీ తీసుకున్నాడు.

వంగిపోతే మొద్దు భాగం కోసేసి డ్రిల్లు వేయించాలి, లేత్ షాపులో చేస్తారు. కొత్త పిన్నులు కొనేటప్పుడు పాతది జేబులో వేసుకుపోండి, లావులో తేడాలుంటాయి. ఇంగ్లండ్ బండ్లకు సాధారణంగా 9.5 మిల్లీమీటర్లు. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల నుంచి ఎక్కించాలి, లేకపోతే పెడళ్ళు ఒక గీతలో రావు, తొక్కుతుంటే కుంటినట్టు ఉంటుంది. పిన్ను సుత్తెతో దిగాలి, నట్టు దాన్ని పట్టి ఉంచడానికే. కొంచెం దూరం తొక్కాక మళ్ళీ ఓ దెబ్బ వేసి నట్టు బిగించండి.

ఏ నట్టు ఎటు తిప్పాలి? ఒకటి విరగ్గొట్టుకున్నా.

ఎడమ పెడల్‌ది ఉల్టా మర, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. పెడల్ ఇరుసు కప్పుల్లో చైన్ వైపు ఉన్నది కూడా ఉల్టానే, దాన్ని వీలైనంతవరకు కదపకండి, అక్కడే ఉంచి శుభ్రం చేయొచ్చు. ఎడమ కప్పు మామూలు మర, పైన రింగు నట్టు తీస్తే వస్తుంది. ఇంగ్లండ్ రాలీకి ఒక తిరకాసుంది, దాని కప్పుల మరలు అంగుళానికి 26, మామూలు వాటికి 24. షాపులో దొరికే కప్పు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే అది తుప్పు అనుకొని బలవంతంగా తిప్పకండి, ఫ్రేం మర పోతుంది. పాత కప్పులే కడిగి వాడుకోవడం మేలు.

హ్యాండిల్ పైకి రావడం లేదు.

పైన బోల్టును నాలుగైదు చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్క ముక్క పెట్టి ఒక్కటి కొట్టండి. లోపల బిగించి ఉన్న ముక్క కిందికి జారుతుంది, హ్యాండిల్ వదులవుతుంది. బోల్టు పూర్తిగా తీసేసి హ్యాండిల్‌తో కుస్తీ పట్టేవాళ్ళను చాలామందిని చూశాను. సీటు పైపు ఇరుక్కుంటే స్ప్రే, ఓపిక, పాత సీటు బిగించి దాన్నే పట్టుకొని మెలితిప్పడం. వారం పట్టినా టెన్షన్ పడొద్దు.

ఓవరాయిలింగ్‌లో గోళీలు ఎన్ని, ఏ సైజు?

విప్పేటప్పుడు కింద పాత దుప్పటి పరవండి, ఛర్రాలు (గోళీలే) జారిపోతే మంచం కింద వెతకాలి. మామూలుగా పెడల్ ఇరుసుకు పావు అంగుళంవి ఒక్కోవైపు 11, వెనక హబ్‌కు అదే సైజు ఒక్కోవైపు 9, ముందు హబ్‌కు 3/16 అంగుళంవి ఒక్కోవైపు 10. మీ బండిలో ఎన్నున్నాయో లెక్కపెట్టి రాసుకోండి, ఎవరో పాత మెకానిక్ ఒకటి తక్కువ వేసి ఉండొచ్చు కూడా. పాత గోళీలు మెరుస్తున్నా పారేయండి, కొత్తవి ఖరీదైనవేం కాదు. కోన్‌ల (ఇరుసు మీద గోళీలు ఆనే ముక్కలు) మీద గోరు గీసి చూడండి, గుంట తగిలితే మార్చాలి. బిగించాక చక్రం వాల్వు బరువుకే మెల్లగా తిరిగి కిందికి వచ్చి ఆగాలి, పక్కకు ఊపితే టకటకలాడకూడదు. ఈ రెండూ కుదిరేదాకా పానా పట్టుకొని కూర్చోవడమే.

మూడు గేర్ల హబ్ తిరగడమే లేదు. విప్పాలా?

విప్పకండి. హబ్ మీద చిన్న మూత ఉంటుంది, అందులో పల్చటి మెషిన్ ఆయిల్ రెండు చెంచాలు పోసి, చక్రాన్ని పడుకోబెట్టి, రోజూ తిప్పుతూ ఉండండి. గిరీసు గానీ కొబ్బరినూనె గానీ పోయొద్దు, అవి గట్టిపడి లోపలి చిన్న స్ప్రింగులను పట్టేస్తాయి. నా హబ్ ఐదో రోజు టిక్ టిక్ మంటూ మాట్లాడింది. తీగ సరిచేయడానికి లివర్‌ను రెండో గేర్‌లో పెట్టి, కుడివైపు ఇరుసు నట్టుకున్న కిటికీలోంచి చూడండి, లోపలి కడ్డీ మెడ ఇరుసు కొసతో సమంగా ఉండాలి. అది కుదరకపోతే రెండుకూ మూడుకూ మధ్య పెడల్ ఉత్తగా తిరిగిపోతుంది. లేచి నిలబడి తొక్కుతుండగా అట్లా జారితే ఏమవుతుందో నా మోకాలు చెప్పగలదు.

రాడ్ బ్రేకులు పట్టవు. తీసేసి కేబుల్ బ్రేకులు పెట్టించనా?

పెట్టించకండి, ఆ రింగులు దానికి పనికిరావు. రాడ్ బ్రేకు రబ్బరు రింగు పక్కలకు కాదు, లోపలి వైపు, హబ్ వైపున్న ముఖానికి తగలాలి. రబ్బరు రెండు కొసలూ ఒకేసారి ఆనుతున్నాయో లేదో చూడండి. రాడ్ల కీళ్ళు ఊడదీసి కిరోసిన్‌తో కడిగి ఒక్కో చుక్క నూనె వేయండి. చాలా బండ్లలో జబ్బు రబ్బర్లలో ఉండదు, ఈ కీళ్ళలోనే ఉంటుంది. రింగుకు ఔట్ (వంకర) ఉంటే ముందు అది తీయించండి, లేకపోతే ఒకచోట పట్టి ఒకచోట వదులుతుంది. ఎంత చేసినా వాన పడి క్రోమ్ రింగు తడిస్తే బ్రేకు సగం లేనట్టే.

టైర్లు దొరుకుతాయా?

దొరుకుతాయి. పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు తొక్కే పెద్ద సైకిళ్ళకు ఇప్పటికీ అదే కొలత, 28 ఇంటూ ఒకటిన్నర. టైరు పక్కన 40-635 అని ఉంటే కళ్ళు మూసుకొని కొనండి. కొత్త హైబ్రిడ్ సైకిళ్ళ టైర్ల మీద కూడా ఒక్కోసారి 28 అని రాసి ఉంటుంది గానీ వాటి లోపలి కొలత 635 కాదు, 622 మిల్లీమీటర్లు, ఈ రింగుకు ఎక్కవు. గాలి పట్టట్లేదని ట్యూబ్ మార్చేముందు వాల్వు మీది రబ్బరు తొడుగు చూడండి, ఎండకు అది చీలిపోతుంటుంది. పుల్లలు కూడా దొరుకుతాయి, ముందు చక్రానికి 32, వెనక 40.

తోలు సీటు ఎండి చెక్కలా అయింది.

చీలకపోతే బతుకుతుంది. తోలు మైనం పల్చగా, రెండు మూడు రోజుల తేడాతో, కింది వైపు కూడా రాయండి. నూనెలో నానబెట్టమని ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు, వినకండి, మెత్తబడి ఉయ్యాలలా సాగిపోతుంది. ముందున్న బోల్టును బిగించాలంటే పావు చుట్టు మించి వద్దు. రివిట్ల దగ్గర చిరిగితే చెప్పులు కుట్టే అన్నకు చూపించండి, తోలు సంగతి మనకంటే ఆయనకే తెలుసు.

పాత సామాన్లు వరంగల్‌లో ఎక్కడ దొరుకుతాయి?

మన దేశంలో తయారైన పెద్ద సైకిళ్ళన్నీ ఇంగ్లండ్ బండ్ల నమూనానే కాబట్టి గోళీలు, టైర్లు, బ్రేకు రబ్బర్లు, చైన్లు ఏ సైకిల్ షాపులోనైనా ఉంటాయి. ఒరిజినల్ సామాన్లకు మాత్రం తిరగాలి. పరకాల, నర్సంపేట, ములుగు వైపు ఊర్లలో చెట్టు కింద కూర్చొని పంచర్లేసే ముసలి మెకానిక్‌ల దగ్గర ఒక తుప్పు డబ్బా ఉంటుంది. అందులో చెయ్యి పెట్టనిచ్చేదాకా కూర్చొని చాయ్ తాగాలి, ధర గురించి మొదటి రోజే మాట్లాడకూడదు. నా లూకాస్ డైనమో అట్లా వచ్చిందే. హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ ఆదివారం అంగడి, జుమ్మేరాత్ బజార్. పొద్దున్నే పోవాలి, అక్కడ ఎవరి అదృష్టం వాళ్ళది.

బ్యాడ్జి పోయినవాళ్ళు జనగామ దగ్గర పెంబర్తి పోయి అడగండి. ఇత్తడి రేకు మీద దేవుళ్ళ తొడుగులు చెక్కే చేతులకు రాలీ బ్యాడ్జి ఒక లెక్క కాదు. మంచి ఫోటో, సరైన కొలతలు పట్టుకుపోవాలి. వెనక మాత్రం ఇది కొత్తగా చేసింది అని సంవత్సరం చెక్కించండి, రేపు ఎవరికో ఒరిజినల్ అని అమ్ముడు పోకుండా. పాత మున్సిపాలిటీ లైసెన్సు బిళ్ళ ఇంకా ఉంటే దాన్ని తోమకుండా, ఉన్నచోటే ఉంచండి.

ఎంత ఖర్చవుతుంది? అమ్మితే ఎంత వస్తుంది?

క్రోమ్ ప్లేటింగ్ జోలికి పోకపోతే పెద్దగా కాదు, పోతే కొత్త సైకిల్ ధర దాటుతుంది. అమ్మితే ఆ డబ్బు రాదు. లాభం కోసమైతే వేరే పని చూసుకోండి.

బాగయ్యాక రోజూ తొక్కొచ్చా?

తొక్కాలి, ఆపితేనే పాడవుతుంది. మొదటి వారం ఇంటి చుట్టూ, జేబులో పానాతో. రోజూ వచ్చాక కాటర్ పిన్నులు, చక్రాల నట్లు, హ్యాండిల్ చూసుకోండి. చైన్ కొలిచి చూడండి, 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి, దానికి అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వస్తే మార్చేయండి. తర్వాత పొద్దున ఆరు గంటలకు ఖిలా వరంగల్ వైపు పోండి, చదును రోడ్డు, బస్సులు తక్కువ. హన్మకొండ నుంచి కాజీపేట రోడ్డు మీద ట్రాఫిక్‌లో రాడ్ బ్రేకులతో ధైర్యం చేయొద్దు.

వానాకాలం ఎట్లా పెట్టుకోవాలి?

ఇంట్లో, గోడకు ఆనించకుండా స్టాండు మీద. ప్లాస్టిక్ కవర్ కప్పితే లోపల చెమ్మ పట్టి ఇంకా పాడవుతుంది, పాత నూలు దుప్పటి కప్పండి. నెలకోసారి చక్రాలు తిప్పి, చైన్‌కు, బ్రేకు కీళ్ళకు ఒక్కో చుక్క నూనె. టైర్లలో గాలి ఉంచండి, లేకపోతే నిలబడ్డచోటే పగుళ్ళు వస్తాయి. పేరు రాసి ఉన్న చైన్ కవర్ ఉంటే, తీసి కాగితంలో చుట్టి పైన అటక మీద పెట్టేముందు దయచేసి ఒక ఫోటో తీసుకోండి, వెలుతురులో, దగ్గరనుంచి, అక్షరాలన్నీ కనిపించేలా.